గవర్రాజు వీపు

బంగారయ్య గురక ఆగింది. డాక్టరమ్మ వేలు పైకెత్తింది. అంటే కల మొదలవబోతోందన్నమాట.

గాజు తలుపుకు ఇవతల బెంచీ మీద కూర్చున్న వరహాలమ్మ పైట సర్దుకుంది. మొగుణ్ణి చూడబోతోంది మరి. పోయి ఏడాది కావస్తున్న మొగుణ్ణి మరిది కలలో చూడాల్సి రావడం ఏ ఆడదానికైనా కాస్త నామోషీయే. కానీ తన కలలోకి రానివాణ్ణి ఇంకెక్కడని చూస్తుంది?

మూతపడిన ఆ ఐస్ ఫ్యాక్టరీలో డాక్టర్ కుముదిని ల్యాబ్ పెట్టి నాలుగు నెలలైంది. దేశంలో ఇన్ని ఊళ్ళుండగా గొల్లమెరకే ఎందుకని అడిగితే ఆమె చెప్పే జవాబు ఒకటే: "మీ ఊరంత అలిసిపోయిన ఊరు నాకు ఇంకెక్కడా దొరకలేదండీ." ఊరివాళ్ళు దాన్ని పొగడ్తగానే తీసుకున్నారు.

అలిసిపోకేం చేస్తారు? చుట్టూ రొయ్యల చెరువులు. రాత్రిపూట నీళ్ళలో ఆక్సిజన్ పడిపోతుంది. ఏరియేటర్ చక్రాలు తిరుగుతూ నీళ్ళు చిలుకుతుండాలి. కరెంటు పోతే వెంటనే జనరేటర్ అందుకోవాలి. లేదంటే పంటంతా తెల్లారేసరికి పైకి తేలుతుంది. మేత చల్లడానికి డ్రోన్లొచ్చాయి, నీళ్ళ సంగతి చెప్పడానికి సెన్సర్లొచ్చాయి గానీ, సెన్సర్‌ని నమ్మి నిద్రపోయే ధైర్యాన్ని మాత్రం ఏ కంపెనీ ఇంకా తయారుచెయ్యలేదు. అందుకని ఊరు ఊరంతా రాత్రి గట్ల మీద కూర్చుని, పొద్దున మేతలయ్యాక పడుకుంటుంది. ఆ పడుకునేది కూడా ముక్కలు ముక్కలుగా. గొల్లమెరకలో పెళ్ళిచూపులప్పుడు పెళ్ళికొడుకూ ఆవులిస్తాడు, పెళ్ళికూతురూ ఆవులిస్తుంది. ఎవరూ తప్పుపట్టరు. జాతకాలు కలిశాయనుకుంటారు.

డాక్టరమ్మకు కావలసింది ఆ నిద్రే. మనిషి నిద్రలో 'రెమ్' అని ఒక దశ ఉందిట. అప్పుడు రెప్పల కింద కళ్ళు పరుగెడతాయి, ఒళ్ళు మాత్రం కట్టిపడేసినట్టు కదలదు. గట్టి కలలు ఎక్కువగా అప్పుడే. మామూలు మనిషి ఆ దశ చేరడానికి గంటా గంటన్నర పడుతుంది. నిద్రకు మొహం వాచినవాళ్ళు పొద్దున్న పూట పడుకుంటే మాత్రం, బస్సు కోసం చూస్తున్నవాళ్ళు తలుపు తెరవగానే ఎగబడ్డట్టు, నేరుగా కలలోకి ఎక్కేస్తారు. ఆ సమయానికి డాక్టరమ్మ తయారుచేసిన 'డ్రీమ్ డీకోడర్' తలమీద ఉండాలి. అది మెదడులో చూపుకు సంబంధించిన భాగం ఎలా వెలుగుతోందో పట్టుకుని, ఆ వెలుగును బొమ్మగా మార్చి తెరమీద వేస్తుంది. ఊరివాళ్ళు దాన్ని కలల టోపీ అన్నారు. డాక్టరమ్మ మొదట్లో సరిదిద్దింది. తర్వాత ఆమె కూడా టోపీ అనడం మొదలుపెట్టింది.

ఎవరి కల వాళ్ళే చూసుకోవాలని నియమం పెట్టింది పాపం. తలుపుకు పరదా కూడా కట్టింది. కానీ ఊళ్ళో ఏసీ ఉన్న హాలు అదొక్కటే. వడగాలుల రోజులు. పరదా కింద వరసగా తలలు కనిపించేవి. వాళ్ళు చూడ్డానికి రాలేదు. చల్లగా ఉంటుందని వచ్చారు. కళ్ళు మూసుకుని రమ్మంటే ఎలా?

ఇక బంగారయ్య సంగతి. ఆ ఊళ్ళో ఒక ఆనవాయితీ ఉంది. పోయినవాళ్ళు ఎవరి కలలోనైనా కనిపించి ఫలానాది తినాలనుందని అడిగితే, ఇంటివాళ్ళు అది వండి, కల వచ్చినవాళ్ళకు కడుపునిండా పెట్టాలి. వాళ్ళు తింటే పోయినవాళ్ళు తిన్నట్టే. గవర్రాజు పోయిన దగ్గర్నుంచి అతని బాబాయి కొడుకు బంగారయ్యకు కలలే కలలు. ఒకసారి కోడి వేపుడు అడిగాడట. ఇంకోసారి పూర్ణం బూరెలు. బతికుండగా గవర్రాజుకు షుగరు. టీలో కూడా చక్కెర వేసుకునేవాడు కాదు. "పైన షుగరు ఉండదు వదినా" అన్నాడు బంగారయ్య, నాలుగో బూరె అందుకుంటూ. ఎదురింటి సత్యవేణి కలలో జున్ను అడిగాడట. జున్ను సత్యవేణికి ప్రాణం. కాకతాళీయం కావచ్చు.

వరహాలమ్మ అన్నీ వండింది. వండటం ఆమెకు కష్టం కాలేదు. రాత్రంతా గట్టు మీద కూర్చుని వచ్చి, పడుకోవలసిన వేళ పొయ్యి ముందు నిలబడటం కూడా కష్టం కాలేదు. అందరి కలల్లోకీ వెళ్ళి ఏవేవో అడుగుతున్న మనిషి తన కలలోకి ఒక్కసారి కూడా రాకపోవడమే ఆమెకు మింగుడుపడలేదు. ఊళ్ళోనూ ఆ మాట నలిగింది. "పెళ్ళాం మీద ఏం కోపమో ఏమో" అన్నారు. ఆ కోపం ఏమిటో వరహాలమ్మకు తెలుసు.

అందుకే బంగారయ్యను అడిగింది: "ఈసారి టోపీ పెట్టుకుని పడుకో. నీ కలలో అయినా ఒకసారి చూసుకుంటాను."

బూరెలు తిన్న నోటితో కాదనలేకపోయాడు.

తెరమీద ముందు మసకగా ఏదో నల్లటి డబ్బాలాంటిది వచ్చింది. దానికొక పిడి. ఒక చెయ్యి ఆ పిడిని పట్టుకుని తిప్పుతోంది.

"జనరేటర్" అంది వరహాలమ్మ.

చెయ్యి తిప్పుతూనే ఉంది. జనరేటర్ స్టార్టవలేదు. కల అయిపోయింది. గురక వచ్చింది. మళ్ళీ గురక ఆగింది. మళ్ళీ జనరేటర్. ఈసారి పిడి ఊడి చేతికొచ్చింది. ఆ పూటంతా అదే. గవర్రాజు మాట దేవుడెరుగు, ఒక్క మనిషి కూడా ఆ కలలో లేడు.

బంగారయ్య లేచి, కళ్ళు నులుముకుంటూ, "వచ్చాడు కదూ అన్నయ్య? ఏమన్నాడు?" అన్నాడు.

"ఏమనలేదు. జనరేటర్ అడ్డమొచ్చింది."

బంగారయ్య తెరవైపు చూశాడు. "అన్నయ్య జనరేటర్ వెనకాల నిలబడి ఉంటాడు వదినా" అన్నాడు.

పరదా కింద ఉన్న తలలన్నీ ఒక్కసారి నవ్వాయి. అన్నిట్లోకీ గట్టిగా నవ్వింది సత్యవేణి. మర్నాడు ఆమె వంతొచ్చింది. టోపీ పెట్టుకుని పడుకుంటే, కలంతా ఏదో ఫంక్షన్ హాలు ముందు చెప్పు కోసం వెతుకులాట. జున్ను లేదు, గవర్రాజు లేడు. రెండో చెప్పు కూడా లేదు. ఆ తర్వాత ఊళ్ళో ఎవరి కలలోకీ గవర్రాజు రాలేదు. వరహాలమ్మ ఇంట పొయ్యి చల్లబడింది.

డాక్టరమ్మకు బాధేసింది. సైన్సు వల్ల ఒక వితంతువుకు వంట తప్పిందని సంతోషించాలో, ఇంకేదో పోయిందని విచారించాలో ఆమెకు తేలలేదు. "మీరు కూడా ఒకసారి పడుకోండి వరహాలమ్మగారూ" అంది.

"నాకు కలలే రావమ్మా."

"అందరికీ వస్తాయండీ. రోజూ వస్తాయి. కలగనేటప్పుడు జ్ఞాపకం పెట్టుకునే రసాయనం మెదడులో దాదాపు ఉండదు. అందుకని ఎప్పటికప్పుడు చెరిగిపోతాయి. మీరేమో అలారం మోగగానే గట్టుకు పరుగెడతారు. రెండు అడుగులు వేసేలోపు మొత్తం పోతుంది."

"అంటే వచ్చి వెళ్ళిపోయి ఉండొచ్చా?"

"ఉండొచ్చు."

వరహాలమ్మ వెంటనే టోపీ అందుకుంది. కానీ పని అంత తేలిక కాదు. ఎవరి మెదడు ఎలా చూస్తుందో యంత్రం ముందు నేర్చుకోవాలి. అందుకని మెలకువగా ఉన్నప్పుడు టోపీ పెట్టి రోజుల తరబడి బొమ్మలు చూపిస్తారు. ఆవు, బస్సు, గొడుగు, మనుషులు, ఇంట్లో వస్తువులు. బంగారయ్యకూ సత్యవేణికీ ఆ పాఠం ఎప్పుడో అయిపోయింది. గవర్రాజు ఫోటోలు కూడా చూపించారు. ఆయనకున్నవే కొద్ది. పెళ్ళిఫోటో ఒకటి, గుర్తింపు కార్డు మీది ఫోటో ఒకటి, శ్రద్ధాంజలి ఫ్లెక్సీలోది ఒకటి. ఫ్లెక్సీ వేసినవాడు కోటు కూడా తొడిగాడు. మొలకు లుంగీ, మెడలో తువ్వాలు తప్ప ఎరగని మనిషి ఆ కోటులో బ్యాంకు మేనేజరులా ఉన్నాడు. వరహాలమ్మ ఆ బొమ్మల ముందు నిద్ర ఆపుకోలేక నానా అవస్థా పడింది.

ఒక పొద్దున మేతలు ముగించి వచ్చి పడుకుంది. మంచం తగలగానే ఒళ్ళెరగని నిద్ర. లేచేసరికి డాక్టరమ్మ తెరముందు కుర్చీ వేసి ఉంచింది.

"చూస్తారా?"

చెరువు. తమ చెరువే. ఏరియేటర్ చక్రాలు తిరుగుతున్నాయి. గట్టు మీద స్టూలు. స్టూలు మీద ఒక మనిషి, అటు తిరిగి. తెల్ల బనీను, భుజం మీద ఎర్ర తువ్వాలు. బనీనుకు వీపు మధ్యలో చిరుగు.

వరహాలమ్మ తెర దగ్గరికి వంగింది. ఆ చిరుగు కుడతానని చెప్పి కుట్టలేదు.

"మనం చూపించిన ఫోటోల్లో వెనకనుంచి తీసింది ఒక్కటీ లేదు" అంది డాక్టరమ్మ మెల్లగా. "ఇది మీ లోపలిదే."

ఆ పూట నిద్రలో వచ్చిన కలలన్నిట్లోనూ ఆ వీపే. మర్నాడూ అదే. ఆ మర్నాడూ అదే. చక్రాలు తిరుగుతాయి, నీళ్ళు కదులుతాయి, తువ్వాలు అంచు గాలికి కొట్టుకుంటుంది. మనిషి మాత్రం తిరగడు. పరదా కింద తలలు రోజురోజుకీ ఎక్కువయ్యాయి. జనరేటర్ కంటే, చెప్పు కంటే ఇది బాగుంది మరి. ఈరోజైనా తిరుగుతాడా అని పందేలు కట్టినవాళ్ళున్నారు.

"చూశావా అక్కా, అలిగాడు" అంది సత్యవేణి ఓదారుస్తూ. ఆమె ఓదారిస్తే మనిషి కోలుకోవడానికి కొన్నాళ్ళు పడుతుంది.

వరహాలమ్మ డాక్టరమ్మను గదిలో పట్టుకుంది. "కోపంగా ఉన్నాడా లేదా, అదొక్కటి చెప్పమ్మా."

"యంత్రం ఏం కనిపించిందో చెబుతుందండీ. ఎందుకో చెప్పదు."

"ఎందుకో నేను చెబుతాను. ఆయన పోయిన రాత్రి సగం కాపలా నాది. సగం రాత్రికి లేపమని చెప్పి పడుకున్నాను. ఆయన లేపలేదు. తెల్లారి లేచి చూస్తే ప్యానెల్ బోర్డు స్తంభానికి చేరగిలబడి ఉన్నాడు. గుండె ఆగిందన్నారు. నేను లేచి ఉంటే ఆయన పడుకునేవాడు." ఆమె గొంతులో ఏడుపు లేదు. ఏడవడానికి కూడా నిద్ర ఉండాలి. "లేవలేదని కోపం. కాదా?"

డాక్టరమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంది. ఆమె కళ్ళ కింద కూడా నల్లటి చారలు. పగలంతా జనం కలలు కాపలా కాసి, రాత్రిళ్ళు లెక్కలు వేసుకునే మనిషి ఎప్పుడు పడుకుంటుందో ఊళ్ళో ఎవరూ అడగలేదు. అలిసిపోయిన ఊళ్ళో కొత్తగా అలిసిపోయినవాళ్ళను పట్టించుకోరు.

వరహాలమ్మ పడుకోవడం మానేసింది. పడుకుంటే ఆ వీపు చూడాలి. టోపీ లేకపోయినా సరే, అక్కడే ఉంటాడని ఇప్పుడు తెలిసిపోయింది కదా. టీ మీద టీ తాగింది. కళ్ళలో నీళ్ళు కొట్టుకుంది. రొయ్య పట్టుబడికి వచ్చింది, ఇక పట్టి అమ్మడమే. ఆఖరి రోజుల్లో ఏమరుపాటు పనికిరాదు. అయినా ఒకనాడు పొద్దున, మేత ఎంత తిన్నాయో చూడటానికి చెక్ ట్రే పైకి లాగుతూ, నిలబడే కునికింది. ట్రేతో సహా నీళ్ళలోకి వంగిపోయింది.

పక్క చెరువు గట్టు మీద ఉన్న బంగారయ్య పరుగెత్తుకొచ్చి జబ్బ పట్టుకుని లాగాడు. ఇద్దరూ బురదలో కూలబడ్డారు.

"చచ్చిపోదామనా?" అన్నాడు రొప్పుతూ.

"నిద్రొచ్చింది."

"నిద్రొస్తే మంచం లేదా?"

"పడుకుంటే ఆయన. మొహం తిప్పుకుని."

బంగారయ్యకు అసలే చిరాగ్గా ఉంది. జనరేటర్ వెనకాల మాట అన్న దగ్గర్నుంచి ఊళ్ళో పిల్లాపీచూ అందరూ "స్టార్టయిందా?" అని పలకరిస్తున్నారు. "మొహం తిప్పుకోక?" అని అరిచాడు. "చెరువు కాసేవాడు ఎటు తిరిగి కూర్చుంటాడు? వెనక కాపలా గుడిసె వైపు తిరిగి నీ మొహం చూస్తూ కూర్చుంటే, ఇక్కడ రొయ్యలు తేలిపోవూ? పాతికేళ్ళు ఆ గుడిసెలో పడుకున్నావు. కళ్ళు తెరిచినప్పుడల్లా నీకు కనిపించింది ఏంటి?"

వరహాలమ్మ గుడిసె వైపు చూసింది. తలుపులోంచి మంచం కోడు కనిపిస్తోంది. అక్కణ్ణుంచి చూస్తే గట్టు, స్టూలు, స్టూలు మీద...

"వీపు" అంది.

"మరి! డ్యూటీలో ఉన్నాడు. నీ డ్యూటీ కూడా ఆయనే చేస్తున్నాడు. పోయి పడుకో."

ఆ మాట నిజమో కాదో బంగారయ్యకు తెలియదు. నోటికొచ్చింది అన్నాడు. ఇన్నాళ్ళూ అతను కలల గురించి నోటికొచ్చిందే చెప్పాడు కాబట్టి అలవాటైన పనే. వరహాలమ్మ లేచి, బురద చీరతోనే గుడిసెలోకి వెళ్ళి పడుకుంది. పొద్దు వాలేదాకా లేవలేదు. అలారం మోగితే బంగారయ్యే వచ్చి నొక్కేశాడు. ఆ పూట రెండు చెరువులూ అతనే చూశాడు. ఇది ఊళ్ళో ఎవరూ నమ్మలేదు.

అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది.

వారం తిరగకుండా సత్యవేణి వరహాలమ్మ గుమ్మంలో నిలబడింది. మొహంలో భయం, కొంచెం గర్వం. "అక్కా, నమ్మవని తెలుసు. గవర్రాజు బావ కలలోకొచ్చాడు."

"జున్ను అయిపోయింది సత్యవేణీ."

"ఒట్టు అక్కా. కావాలంటే టోపీ పెట్టించు."

పెట్టించారు. తెరమీద ఫంక్షన్ హాలు. ముందు చెప్పుల గుట్ట. గుట్ట పక్కన స్టూలు, స్టూలు మీద అటు తిరిగి ఎర్ర తువ్వాలు మనిషి. చెప్పులకు కాపలా కూర్చున్నాడు. సత్యవేణి రెండు చెప్పులూ దొరికాయి.

బంగారయ్య కలలోనూ వచ్చాడు. జనరేటర్ పక్కనే కూర్చున్నాడు. జనరేటర్ తిరుగుతోంది.

"చెప్పానా?" అన్నాడు బంగారయ్య. ఏడాదిలో మొదటిసారి నిజం చెప్పినవాడి మొహం ఎలా ఉంటుందో ఊరు ఆరోజు చూసింది.

ఆ తర్వాత వరస కట్టారు. పరదా కింద తలలు పెట్టినవాళ్ళందరికీ గవర్రాజే. కొందరికి గట్టు మీద, కొందరికి బస్టాండులో, ఒకాయనకు పరీక్ష హాల్లో. అందరికీ అటు తిరిగే. అందరూ నిద్రలేచాక ఒంట్లో తేలిగ్గా ఉందన్నారు.

డాక్టరమ్మ వివరించింది. మనిషి పగలు పదేపదే చూసింది కలలోకి జారుతుంది. ఇన్నాళ్ళూ ఒకరి కల ఇంకొకరు చూసే వీలు లేదు. ఇప్పుడు తెర వచ్చింది. కాబట్టి ఒకరి కల ఇంకొకరికి జలుబులా అంటుకుంటోంది. ఈ సంగతి ఆమె పరిశోధనలో లేదు. "తెర తీసేయాలి. ఈ డేటా అంతా పాడైపోయింది" అంది తల పట్టుకుని.

"డేటా సంగతి తర్వాత. భోజనాల సంగతి చెప్పండి" అన్నాడు బంగారయ్య.

అదీ నిజమే. ఆనవాయితీ ఆనవాయితీయే. యంత్రం సాక్ష్యం కూడా ఉంది. పోయినవాడు ఇంతమంది కలల్లోకి వెళ్ళాక ఇంటావిడ వండక తప్పుతుందా? పట్టుబడి అయిన మర్నాడు ఐస్ ఫ్యాక్టరీ వరండా ముందు గాడిపొయ్యి తవ్వించింది వరహాలమ్మ.

"ఏం అడిగాడు?" అని ఒక్కొక్కరినీ అడిగింది.

మొదటిసారి నిజంగా కల వచ్చినవాళ్ళకు అబద్ధం తట్టలేదు. "ఏమీ అడగలేదు వదినా. అలా కూర్చున్నాడంతే" అన్నాడు బంగారయ్య కూడా.

"అడగడు. ఆయనంతే" అని, మెత్తళ్ళనే చిన్నచేపలతో మామిడికాయ పులుసు పెట్టింది. గవర్రాజుకు అదంటే ఇష్టం. ఇన్నాళ్ళూ ఎవరి కలలోనూ అది అడగలేదు మరి, మెత్తళ్ళ ముళ్ళు ఏరుకోవడం బంగారయ్యకు బద్ధకం.

వడ్డన సగంలో డాక్టరమ్మ వచ్చి వరస చివర నిలబడింది. జుట్టు రేగి ఉంది, చెంప మీద కీబోర్డు అచ్చులున్నాయి. "బల్ల మీదే నిద్రపోయానండీ" అంది సిగ్గుపడుతూ. "నా ల్యాబ్‌లో కూర్చున్నారు. మీ ఆయన. బతికుండగా నేను ఆయన్ని ఎప్పుడూ చూడనేలేదు. టోపీ కూడా పెట్టుకోలేదు, రుజువు లేదు."

వరహాలమ్మ విస్తరి వేసింది. "కూర్చో అమ్మా. రుజువు ఎవరడిగారు?"

డాక్టరమ్మ రెండు ముద్దలు తిని ఆగింది. చెప్పాలా వద్దా అన్నట్టు చూసి, చివరకు చెప్పింది. "వరహాలమ్మగారూ, ఈ వారం మీరు మళ్ళీ టోపీతో పడుకున్నారు కదా, ఆ కలలు చూశాను. గట్టు ఉంది, స్టూలు ఉంది. ఆయన లేరు."

పులుసు గరిటె ఒక్క క్షణం ఆగింది. వరహాలమ్మ వరండాలో వరసగా కూర్చుని తింటున్న ఊరిని చూసింది. ఏళ్ళ తర్వాత కాస్త నిద్రపోయిన మొహాలు.

"ఇందరి కాపలా మీద పడ్డాక ఇంటికెప్పుడొస్తాడు" అంది. గరిటె మళ్ళీ కదిలింది.

అందరివీ అయ్యాక గిన్నె అడుగున కాస్త మిగిలింది. దానిమీద మూత పెట్టింది. మూడోసారి వడ్డించుకోవాలని చూస్తున్న బంగారయ్య ఆ మూత వైపే చూసి, ఎందుకో చెయ్యి కడిగేసుకున్నాడు.

"వదినా" అన్నాడు తువ్వాలుతో మూతి తుడుచుకుంటూ. "రేపు పొద్దున మళ్ళీ కనిపిస్తాడు. ఏమైనా చెప్పమంటావా?"

వరహాలమ్మ ఆవులించింది. నిద్ర ముంచుకొస్తోంది.

"ఒక్కసారి ఇటు తిరగమని చెప్పు" అంది.